సందేహాల పంపకం

న్యాయంగా పంచుకోవడం ఎలాగో మానవజాతికి నేర్పే బాధ్యత చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ మీద పడింది. బ్యాంకు పరీక్షలు రాసేవారికి అక్కడ నేను అంకగణితం చెబుతాను. నిష్పత్తుల పాఠం పుస్తకంలోనే మగ్గిపోకూడదని డైరెక్టర్ చక్రపాణిగారు దాన్ని ఆచరణలో పెట్టారు. సాయంత్రం సందేహాలు తీర్చే గంటను ఇకమీదట విద్యార్థులకు వారి మార్కుల నిష్పత్తిలో పంచుతారు. మెట్ల మీదో, టీ బండి దగ్గరో నేను సందేహం తీరిస్తే అది అక్రమ పంపిణీ. (ఆకలిగా కనిపించినవారికి ఇంకో గరిటె వడ్డించే అలవాటున్న నా భార్య ఈ సంస్కరణ చూడకుండానే వెళ్లిపోయింది.)

గంటలో పెద్ద వాటా కార్తీక్‌కు దక్కింది. అన్నీ వచ్చు గనుక అతనికి సందేహాల్లేవు. వాటా పూర్తయ్యేదాకా నా ఎదురుగా కూర్చుని, మర్యాదగా కిటికీలోంచి మెట్రో రైళ్లు చూసేవాడు. నేనూ చూసేవాణ్ణి.

ఎల్బీ నగర్ నుంచి వచ్చే అరుణజ్యోతికి నిష్పత్తుల పరీక్షలో సున్నా వచ్చింది. అందువల్ల సున్నా నిమిషాలు మంజూరయ్యాయి. బ్యాంకు పరీక్ష వచ్చే వారమే. వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరిది.

"సున్న ఒచ్చినోళ్లకే గదా సార్ డౌట్లుండేది?" అని డైరెక్టర్‌గారిని అడిగింది.

"ముందు మార్కులు తెచ్చుకోమ్మా. సందేహాలు తర్వాత తెచ్చుకుందువుగాని" అన్నారాయన, ఆప్యాయంగానే.

మర్నాడు కార్తీక్ ఆమెను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాటా నిమిషాలు ఒకరి నుంచి ఒకరికి బదిలీ చేయరాదు. అందుకని ఆమె అతని చెవిలో చెప్పింది, అతను నన్ను అడిగాడు.

"రెండుకు మూడు నిష్పత్తిలో పంచమంటే, ముందు ఆ రెంటినీ ఎందుకు కూడాలండీ?"

"నీకు తెలీదూ?" అన్నారు గుమ్మంలోంచి చక్రపాణిగారు.

"మర్చిపోయానండీ." (టాపర్లు మర్చిపోరాదన్న నిబంధన ఇంకా చేర్చలేదు.)

మొత్తాన్ని ముందు ఐదు సమాన భాగాలు చేయాలని, ఎవరికెన్ని భాగాలన్నది ఆ తర్వాతి మాటని కార్తీక్ వైపే చూస్తూ చెప్పాను.

"గింతేనా సార్" అంది అరుణజ్యోతి. ఆ మాట కార్తీక్ అన్నట్టుగా నమోదు చేశాం. ఆ వారమంతా అతనికి రోజుకో కొత్త సందేహం పుట్టింది.

ఇద్దరూ పరీక్ష నెగ్గారు. సెంటర్ ముందు బ్యానర్ మీద అరుణజ్యోతి ఫోటో వేసి, ఇదంతా మార్కుల నిష్పత్తి పద్ధతి ఘనతేనని కింద రాయించారు. కార్తీక్ ఫోటో వేయలేదు. రికార్డుల ప్రకారం, బ్యాచ్ మొత్తంలో ఏమీ రాని విద్యార్థి అతనే.