మేఘమాల అన్నం తిన్న వారం

ఆ ఆదివారం పొద్దున ఎల్లస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను పుట్టింటికని కోస్గి బస్సు ఎక్కించాలి. తర్వాత హైదరాబాదు రైలు దిగే మనిషితో ఆవిడ ఊళ్లో లేదని చెప్పాలి. ఆ మనిషి చాయ్ తాగి వచ్చిన దారిన వెళ్లిపోతాడు. ఇందులో తప్పిపోవడానికి ఏమీ లేదు.

ఎల్లస్వామి మహబూబ్‌నగర్ తహసీలు కచేరీలో గుమాస్తా. అక్కడ శిస్తు బకాయిల మీద తాఖీదులు రాసేవాడు. ఇన్నేళ్లలో ఆయన రాసిన ఒక్క వాక్యాన్ని కూడా ఎవరూ ఇష్టపడి చదవలేదు. ఇంటికి వచ్చాక కచేరీ కాగితాలని చెప్పి, గది మూలన కూర్చుని, ‘శ్రీమతి కల్హార’ అనే పేరుతో నవల రాసేవాడు. ఆ రోజుల్లో వారపత్రికల పాఠకులకు రచయిత్రులంటే ప్రాణం. మగవాడి పేరుతో పంపిన నవల పంపినట్టే తిరిగి వచ్చేది. అదే నవలకు ఆడపేరు పెడితే రంగుల బొమ్మలతో అచ్చయ్యేది. పైగా సర్కారు కొలువులో ఉన్నవాడు అనుమతి లేకుండా పత్రికలకు రాయకూడదు. ఒక్క ఆడపేరుతో రెండు చిక్కులూ తీరాయి.

అలా ‘మేడ మీద మేఘమాల’ అనే ధారావాహిక ‘మణిదీపం’ వారపత్రికలో ఆరు నెలలుగా నడుస్తోంది. మేఘమాల మేడ మీద జబ్బుగా పడుకుని ఉంటుంది. కింద రాజశేఖరం పియానో వాయిస్తుంటాడు. బయట వాన కురుస్తుంటుంది. పియానోను ఎల్లస్వామి ఒకే ఒక సినిమాలో చూశాడు. మహబూబ్‌నగర్ అంటే కరువు పాలమూరు గనక వానను కూడా అంతకన్నా ఎక్కువసార్లు చూడలేదు.

మూడో చిక్కు ఇంట్లోనే ఉంది. ఆయన భార్య అండాలు ఊళ్లోకెల్లా పెద్ద పాఠకురాలు. చదివిన ప్రతి నవల మీద ఆవిడకు ఒక అభిప్రాయం ఉండేది, దాన్ని అడగకుండానే చెప్పేది. పాతకాలపు గ్రాంథిక నవలల్లో వాక్యం మొదలుపెడితే క్రియ దొరికేలోగా పాలు పొంగిపోతాయనేది. బెంగాలు నుంచి వచ్చిన నవలల్లో మగవాళ్లకు దగ్గడం తప్ప పని లేదనేది. చారిత్రక నవలల్లో అంతమంది గుర్రాలెక్కి తిరుగుతుంటే గడ్డి ఎవరు కోస్తున్నారని అడిగేది. డిటెక్టివ్ నవలలో హంతకుణ్ని మూడో ప్రకరణంలోనే పట్టుకుని, మిగతాది డిటెక్టివ్‌కు ఎప్పుడు తెలుస్తుందోనని జాలితో చదివేది.

‘మేడ మీద మేఘమాల’ మొదటి భాగం చదివిన రోజు, మొగుడికి అన్నం వడ్డిస్తూ ఆవిడ అన్నది: “గీ కల్హార ఎవతోగని, ఇంట్ల చీపురు పట్టిన మనిషి కాదు.” ఆ రోజు నుంచి ఎల్లస్వామి పత్రిక ఉత్తరాలను కచేరీ చిరునామాకు తెప్పించుకుంటున్నాడు. నిజం నవల పూర్తయ్యాక చెబుదామనుకున్నాడు.

ఇంతలో వేరే పత్రికలో రాసే ఒక ప్రసిద్ధ రచయిత్రికి సన్మానం చేయబోతే, వేదిక మీదికి మీసాలాయన వచ్చాడు. ఊరంతా నవ్వింది. దాంతో ‘మణిదీపం’ సంపాదకుడు శేషగిరి తన రచయిత్రులను ఒక్కొక్కరినీ కళ్లారా చూసి రావాలని బయల్దేరాడు. కనబడని రచయిత్రి ధారావాహిక ఆగిపోతుందని ముందే కబురు పెట్టాడు. ఈ ఆదివారం కల్హార వంతు. ఇంటినీ, మొగుణ్నీ చూస్తే కల్హార ఉందని నమ్మి వెళ్లిపోతాడని ఎల్లస్వామి ఆశ.

“అండాలూ, మీ అవ్వను సూడక ఎన్నొద్దులాయె. జర కోస్గికి పోయి రారాదు?” అన్నాడు ఎల్లస్వామి.

“ఏందయ్యా, మా అవ్వ మీద గింత పాయిరం ఎక్కడికెల్లి పుట్టింది? పోయినేడు ఆమె కాలు విరిగితే పోదామంటే కచేరీల పనున్నదంటివి.”

“గప్పుడు పోలేదని మనసుల గుచ్చుకుంటాంది.”

“మరి నువ్వు రా.”

“నాకు ఇయ్యాల పనున్నది.”

“ఆదివారం నాడా?” అన్నది అండాలు. కానీ బస్సు ప్రయాణమంటే పొయ్యి దగ్గర లేవకుండా చదువుకునే అవకాశం. ఆవిడ సంచీ సర్దుకుంది. చేతిలో పుస్తకం అయిపోయింది గనక, బస్సు అడ్డా పక్కనున్న నూరుద్దీన్ దుకాణంలో ఇంకోటి తీసుకుందామని ఒక్కతే బయల్దేరింది.

నూరుద్దీన్ నవలలు కిరాయికిచ్చేవాడు. అండాలు వస్తోందంటే అతనికి గుండె దడ. ఆవిడ పుస్తకం తిరిగిస్తూ అభిప్రాయం చెబితే, చుట్టూ ఉన్నవాళ్లు చేతిలో ఉన్నవి మెల్లగా అల్మారాలో పెట్టేసేవాళ్లు. ఆ రోజు మాత్రం అతను దడ మరిచిపోయి, కొత్త ‘మణిదీపం’ ముందు పెట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

“ఏమైంది నూరుద్దీన్ భాయ్? ఇంట్ల అందరు మంచిగున్నరా?”

“మా ఇంట్ల మంచిగనే ఉన్నరక్కా. మేఘమాల మెట్ల మీద పడిపోయింది.”

“పడదా మరి? ఆరు నెలల సంది ఆ పిల్ల ఒక్క బుక్క తిన్నట్టు రాసిందా ఆ కల్హార? మందు తాగుతది, కన్నీళ్లు తాగుతది. ఇంత అన్నం పెట్టుమను, లేచి ఉరుకుతది.”

“అది ప్రేమ జబ్బక్కా!”

“ప్రేమ గాదు, ఆకలి. నువ్వు పొద్దుగాల తిన్నవా?”

“తిన్న.”

“అందుకనే నువ్వు పడిపోలే.”

నూరుద్దీన్ మేఘమాల పక్షాన ఎప్పుడూ లేనంత గట్టిగా వాదించాడు. అండాలు అంతకన్నా గట్టిగా వాదించింది. వాదన రాజశేఖరం దగ్గరికి వచ్చేసరికి కోస్గి బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ బస్సు మధ్యాహ్నం దాటితే గాని లేదు. అండాలు పుస్తకం చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

అదే సమయానికి శేషగిరి రైలు దిగి, తన దగ్గరున్న ‘శ్రీమతి కల్హార, కేరాఫ్ ఎల్లస్వామి’ అనే చిరునామా పట్టుకుని తహసీలు కచేరీకి వెళ్లాడు. ఆదివారం గనక కచేరీకి తాళం. కాపలా మనిషి ఆయనను తహసీల్దారు ఇంటికి తీసుకుపోయాడు. తహసీల్దారు భార్య నిర్మలమ్మ మేఘమాల కోసం వారమంతా ఎదురుచూసే మనిషి. కల్హార తమ ఊళ్లోనే ఉందని వినగానే ఆవిడ దేవుడి పటానికి వేసిన పూలదండ తీసుకుని, సంపాదకుణ్ని వెంటబెట్టుకుని జీపులో బయల్దేరింది.

సంపాదకుడి కోసం తలుపు తీసిన ఎల్లస్వామికి ఎదురుగా పై అధికారి భార్య కనిపించింది. 

“కల్హారగారు ఉన్నారాండీ?” అన్నాడు శేషగిరి.

“నా భార్యనేనండి. ఏం జెయ్యాలె, పొద్దుగాలనే కోస్గికి పాయె.”

“మన అండాలా!” అన్నది నిర్మలమ్మ. “ఒక్కనాడన్న చెప్పలే సూడు.”

శేషగిరి ముఖంలో మాత్రం వెలుగు రాలేదు. “మొన్న ఒకాయన కూడా భార్య ఊరెళ్లిందనే చెప్పాడండి. తర్వాత చూస్తే ఆ భార్యకి మీసాలున్నాయి.”

ఎల్లస్వామి చెయ్యి తనకు తెలియకుండానే మీసాల మీదికి పోయింది. సరిగ్గా అప్పుడు వచ్చినవాళ్ల వెనకనుంచి అండాలు గొంతు వినిపించింది: “బస్సు పోయిందయ్యా! ఆ పాడు మేఘమాలతోటి.”

నిర్మలమ్మ పూలదండ ఆవిడ మెడలో పడింది. శేషగిరి చేతులు జోడించాడు. “అమ్మా, నేను మణిదీపం సంపాదకుణ్ని. మేఘమాల గురించి మీ నోటితో రెండు మాటలు వినాలని ఇంత దూరం వచ్చానండి.”

తన అభిప్రాయాన్ని ఒకరు అడగడం అండాలు జీవితంలో అదే మొదటిసారి. దండ ఎందుకని కూడా ఆవిడ అడగలేదు. అందరినీ లోపలికి పిలిచి, సంచీ కింద పెట్టి, మంచం మీద సర్దుకుని కూర్చుంది.

“అండాలూ, జర చాయ్ పెట్టు,” అన్నాడు ఎల్లస్వామి ప్రాణాలు చిక్కబట్టుకుని.

“నువ్వు పెట్టు. నన్ను అడుగుతున్నరు గద.”

ఎల్లస్వామి వంటింట్లోకి వెళ్లాడు. అక్కడికీ అన్నీ వినిపించాయి.

“రెండు మాటలేంది సారూ, మస్తున్నయి. అంత పెద్ద మేడ, ఒక్కనాడన్న ఎవరన్న ఊడ్చిండ్రా? ఆ పిల్లకు నీళ్లు మెట్లెక్కి ఎవరు మోస్తున్నరు? వారం వారం వానేనాయె, బట్టలెట్ల ఆరుతున్నయి? పైన బీమారు పిల్ల పండుకుంటే కింద గా రాజశేఖరం ఆ పెట్టె టంగు టంగుమనిపిస్తడు. బంద్ చెయ్యిరా అనే పెద్దమనిషి ఆ ఇంట్ల ఒక్కడు లేడు. రాసినామె ఆరు నెలల్ల ఒక్కపారి వంటింట్ల అడుగు పెట్టలే.”

నిర్మలమ్మ పరవశించిపోయింది. “ఎంత వినయమమ్మా! నువ్వు రాసినదాన్ని నువ్వే గిట్ల తిట్టుకుంటవా?”

“నేను రాసిందా?”

 శేషగిరి సంచీలోంచి వచ్చే వారం భాగం కాగితాలు తీసి ఆవిడ ముందు పెట్టాడు. “ఇవి మీరు పంపినవే కదండీ?”

అండాలు చూసింది. ఆ గుండ్రటి దస్తూరిని ఆవిడ పెళ్లయినప్పటి నుంచి ఎరుగును. నిర్మలమ్మ కూడా వంగి చూసింది.

“ఇదేంది, ఎల్లస్వామి అక్షరాల లెక్కనే ఉన్నయి? మా ఆయన ఇంటికి తెచ్చే కాగితాలన్నీ గిట్లనే ఉంటయి గద!”

వంటింటి గుమ్మంలో ఎల్లస్వామి సాసర్లతో నిలబడ్డాడు. ఒకదాని మీద ఒకటి పెట్టిన సాసర్లు సన్నగా మోగుతున్నాయి. అవును, ఆయనవే అని అండాలు అంటే ధారావాహికతో పాటు కొలువుకూ ముప్పే. ఆవిడ కాగితాల వంక చూసింది. మొగుడి వంక చూసింది. చదివిన దాని మీద ఆవిడ ఇంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆయన ఎన్నడూ చూడలేదు.

“ఆయన అక్షరాలేనమ్మా,” అన్నది చివరికి. “నేను చెప్త, ఆయన రాస్తడు. నాకు సదువుడు ఇష్టంగని రాసుడు బద్దకం.”

“మొగుడంటే గట్లుండాలె!” అన్నది నిర్మలమ్మ. సాసర్లు మోగడం ఆగింది.

శేషగిరికి ఉత్సాహం వచ్చింది. “మరి ఇన్ని లోపాలు మీకే తెలిసినప్పుడు, కథని ఎలా నడిపిద్దామనుకుంటున్నారండీ?”

“నడిపిచ్చుడేంది? వచ్చే వారం అయిపోతది. మేఘమాల లేచి కిందికి దిగుతది. వంటింట్లకు పోయి ఇంత అన్నం, పచ్చిపులుసు పోసుకుని కడుపు నిండ తింటది. జబ్బు పోతది.”

“రాజశేఖరం?”

“పియానో అమ్మి బర్రెను కొంటడు.”

ఎల్లస్వామి ఇంకో ఏడాదికి సరిపడా కథ ఆలోచించి పెట్టుకున్నాడు. మేఘమాల ఊటీలో, మంచు కురిసే వేళ, రాజశేఖరం ఒడిలో కన్నుమూయాలి. ఆ రెండు పేజీలు ఆయన ముందే రాసి దాచుకున్నాడు కూడా.

“అండాలూ... ఊటీ...” అన్నాడు గుమ్మంలోంచి.

“ఊటీల ఎవలున్నరయ్యా మనకు?”

శేషగిరి తొడ మీద చరిచాడు. తన రచనను ఇలా చీల్చి చెండాడే రచయిత్రిని తాను చూడలేదన్నాడు. మేఘమాల వచ్చే వారమే అన్నం తింటుందని ప్రకటించాడు. ఆ తర్వాత అదే పేజీలో కల్హారగారు నవలల మీద తన అభిప్రాయాలు చెప్పాలన్నాడు. పాతవీ, కొత్తవీ, అందరూ మెచ్చుకునేవీ, ఎవరూ చదవనివీ. చాయ్ తాగి, నిర్మలమ్మతో పాటు జీపెక్కి వెళ్లిపోయాడు.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఎల్లస్వామి ఖాళీ కప్పులు ఏరుతూ అడిగాడు.

“నా మీద కోపమొచ్చిందా?”

“నాకు చెప్పకుంట దాచినవని వచ్చింది.” అండాలు మెడలోని దండ తీసి మేకుకు తగిలించింది. “మెట్ల మీద పడ్డది సదివి నూరుద్దీన్ ఏడ్చిండు.”

“నిజంగనా?”

“కండ్లల్ల నీళ్లు సూసిన. అతనితోని కొట్లాడవట్టే బస్సు తప్పిన.”

ఎల్లస్వామి ముఖం ఆ పొద్దున మొదటిసారి తేటపడింది. ఆ కన్నీళ్లు ఏ వాక్యం దగ్గర వచ్చాయో అడగాలనిపించింది. అడగలేదు.

“కాగితం తియ్యి,” అన్నది అండాలు. “అందరి నవలలకన్న ముందుగాల ‘మేడ మీద మేఘమాల’ మీద చెప్పుకోవాలె. రాసుకో. గీ నవల రాసినామెకు...”

ఎల్లస్వామి రాశాడు. చీపురు సంగతి, వాన సంగతి, పియానో సంగతి, ఒక్క మాట మార్చకుండా రాశాడు. ఊటీ ప్రస్తావన మాత్రం రానివ్వలేదు. వ్యాసం అచ్చయ్యాక పాఠకులు మెచ్చుకుంటూ గుట్టలుగా ఉత్తరాలు రాశారు. శేషగిరి కూడా కల్హారగారి బుద్ధికి జోహార్లు అర్పిస్తూ రాసి, అడుగున ఒక వాక్యం చేర్చాడు: మీ వారి దస్తూరి అమోఘం.

ఎల్లస్వామి రాతకు ఆయన పేరు మీద వచ్చిన మొదటి మెప్పు అదే.