బాబాయి మొహంలో మాయమైన మచ్చ

"ఈ భూమ్మీద నేరమనేది ఇంకా ఎందుకు బతికుందో తెలుసా మిత్రమా? నాకు తీరిక లేక!"

పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి ఈ ప్రకటన చేసినవాడు మా పైవాటాలో అద్దెకుంటున్న డేగకన్ను. ఆ బిరుదు వాడికి ఎవరూ ఇవ్వలేదు, వాడే తీసుకున్నాడు. ఫ్యాన్లు బాగుచేసే కొట్లో ఉద్యోగం, మిగతా సమయమంతా అపరాధ పరిశోధన. మెడలో తాడుకు వేలాడే భూతద్దం, ఒంటి మీద తిరగేసి తొడుక్కున్న చొక్కా. పోయిన నెల ఎదురింటాయన చెప్పులు పోతే వీధి వీధంతా గాలించి, సాయంత్రానికల్లా పట్టేశాడు. అవి వాడి కాళ్లకే ఉన్నాయి.

"ఇవాళ నాకు తీరిక దొరికింది. ఇక నేరం పని అయిపోయినట్టే," అన్నాడు.

"ఇవాళ నాకు తీరిక లేదు. బాబాయిని పరీక్షల ఆఫీసుకు తీసుకెళ్లాలి."

"నేనూ వస్తా."

"నువ్వెందుకురా?"

"ఆఫీసన్నావు కదా! రహస్యం లేని ఆఫీసు ఎక్కడైనా ఉంటుందా?"

వీణ్ణి వదిలించుకోవడం నా వల్ల ఎప్పుడైంది గనక! తోకలా వెంట వచ్చాడు.

మాతోనే ఉండే బాబాయి వడ్రంగి. చెవి మీద పెన్సిలు, ముక్కు కింద సగం మొహాన్ని ఆక్రమించిన బుంగమీసం. బడి ఆఖరి తరగతిలో ఉండగా తాతయ్య పోయాడు. పుస్తకాలు అటకెక్కాయి, బాబాయి రంపం పట్టాడు. మా నాన్న చదువు ఆగలేదంటే ఆ రంపం పుణ్యమే. దేశమంతటికీ ఒకేసారి జరిగే ఆ బడి ఆఖరి పరీక్షకు ప్రైవేటుగా కడతానని ఇన్నేళ్లకు నోరు తెరిచి చెప్పాడు. "ఈసారి కాకపోతే నాకు మళ్లీ ధైర్యం రాదురా," అని కూడా అన్నాడు. పేరు నమోదు చేసుకోవడానికి ఇవాళే ఆఖరి రోజు.

కౌంటర్లో గుమాస్తా మేడమ్ కాగితాలన్నీ తిరగేసింది. పాత బడివాళ్లిచ్చిన సర్టిఫికెట్టునూ బాబాయి మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"పుట్టుమచ్చలు రెండు రాశారు. కుడి మోచేతి మీద ఒకటి, ఏదండీ?"

బాబాయి చొక్కా చెయ్యి మడిచి చూపించాడు.

"సరే. మొహానికి ఎడమవైపు ఒకటి. అదేదీ?"

బాబాయి చెంప తడుముకున్నాడు. నేను నుదురు వెతికాను, కణత వెతికాను, చెవి వెనక కూడా వెతికాను. మచ్చ కాదు కదా, మొటిమ కూడా లేదు.

"హెడ్మాస్టరుగారు చూసి రాసుకున్నారమ్మా. అద్దం ముందు కూర్చునే తీరిక నాకెక్కడిది?" అన్నాడు బాబాయి.

"రెండూ కలవకపోతే తీసుకోకూడదండీ. అయిదింటికి కౌంటర్ మూసేస్తాం. ఆలోపు మచ్చ చూపిస్తే ఇప్పుడే చేర్చుకుంటా. లేదంటే వచ్చే ఏడాదే."

బాబాయి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పదరా, ఇంటికి పోదాం. మనకు రాసిపెట్టి లేదు," అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు డేగకన్ను నా భుజం గట్టిగా నొక్కాడు.

"మిత్రమా, గుండె చిక్కబట్టుకో. ఈయన మీ బాబాయి కాడు!"

"నోర్ముయ్."

"ముసుగు మనిషి! అసలు బాబాయిని చిన్నప్పుడే ఎత్తుకుపోయి, ఈ ఆగంతకుణ్ణి మీ ఇంట్లో దింపారు. వాళ్ల కన్ను మీ వంశపు ఆస్తి మీద!"

"మా వంశపు ఆస్తి ఒక రంపం, రెండు ఉలులురా!"

"చూశావా! ఇప్పుడవి ఎవరి చేతిలో ఉన్నాయి?"

బాబాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన తేరుకునేలోపే పట్టుకెళ్లి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టేశాడు డేగకన్ను. "అసలు బాబాయికి మాత్రమే తెలిసిన రహస్యం ఒకటి చెప్పండి!" అని గద్దించాడు.

"వీడు చిన్నప్పుడు కిటికీ చువ్వల మధ్య తల ఇరికించుకున్నాడు," అని బాబాయి నా వైపు చెయ్యి చూపించాడు. "ఎంత లాగినా రాదు. ఇక నేనిక్కడే ఉంటాను, అన్నం మాత్రం పెట్టండని ఒకటే ఏడుపు. చువ్వ కోసి నేనే బయటికి తీశాను."

వరసలో నిలబడ్డవాళ్లంతా నా తలకేసి చూశారు. ఒకాయన చేతులతో కొలత కూడా వేశాడు.

"ఊఁ... ఈయన అసలువాడే," అన్నాడు డేగకన్ను కాస్త నిరాశగా. అంతలోనే కళ్లు మెరిశాయి. "అయితే మచ్చనే కాజేశారన్నమాట! మచ్చల ముఠా! శాస్త్రీయంగా తేలుస్తా. బాబాయిగారూ, ఎండకు ఎదురుగా తిరగండి. కళ్లు మూసుకోండి. కదిలారంటే సాక్ష్యం చెదిరిపోతుంది."

బాబాయి ఎంత మంచివాడో చెప్పడానికి ఇదొక్కటి చాలు. నిజంగానే కళ్లు మూసుకున్నాడు.

భూతద్దం ఎడమ కణత దగ్గర బయల్దేరి, చెంప దాటి, మూతి దగ్గరికి వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందంటే వాడికి ఉపన్యాసం ముంచుకొచ్చింది. మొహం నా వైపు తిప్పాడు, చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది.

"మిత్రమా, నేరస్థుడు ఎంతటి గండరగండడైనా ఏదో ఒక జాడ..."

"ఒరేయ్, ఏదో మాడుతున్న వాసన!"

"నేరపు వాసన! శభాష్, నీకూ అలవడుతోంది."

"పొగ కూడా వస్తోందిరా!"

"నిజం రాజుకుంటోంది మిత్రమా!"

"రాజుకున్నది మా బాబాయి మీసంరా దరిద్రుడా!"

రోజూ నూనె పట్టించి దువ్వే మీసం, చిటపటమని అంటుకుంది. పక్కనెవరి చేతిలోనో ఉన్న నీళ్ల సీసా లాక్కుని బాబాయి మొహాన కుమ్మరించాను. దేవుడి దయ, చర్మం కందిందే గానీ కాలలేదు. కళ్లు తెరిచిన బాబాయికి ఎడమ మీసం లేదు. కుడిది మాత్రం తనకేమీ తెలియనట్టు దర్జాగా మెలితిరిగి ఉంది.

"ఇవాల్టితో నీకూ నాకూ సరి!" అని అరిచాను. నిజంగా ఒళ్లు మండిపోయింది.

డేగకన్ను గబగబా జేబురుమాలు తీసి బాబాయి మూతి తుడవడం మొదలుపెట్టాడు. "క్షమించండి బాబాయిగారూ, కాస్త మసి అంటింది, అంతే. ఇది పోతే మొహం ఎప్పటిలా... ఇదేమిటి, పోదే?" రుమాలు తడిచేసి మరీ రుద్దాడు. చూరుకు అంటిన మసి వదిలించేవాడిలా పళ్లు బిగించి రుద్దాడు.

వాసనకు పరిగెత్తుకొచ్చిన గుమాస్తా మేడమ్ కెవ్వుమంది. "ఆగండి! చెరిపెయ్యకండి! అది మసి కాదు!"

ముక్కుకు కాస్త కింద, ఎడమవైపు, మిరియపు గింజంత పుట్టుమచ్చ ఎండలో నిగనిగలాడుతోంది.

బాబాయి వేలితో దాన్ని తాకి చూసుకున్నాడు. "అవునురా... అప్పట్లో మేస్త్రీ నన్ను చూసి, పిల్లాడివి, నీకు పనేంటి పొమ్మన్నాడు. పెద్దవాడిలా కనబడాలని పెంచాను ఈ మీసం. మళ్లీ తియ్యనేలేదు."

ఆ మీసాన్ని చూసి చిన్నప్పుడు భయపడేవాణ్ణి. దాని వెనక ఇంత చిన్న పిల్లాడున్నాడని నాకేం తెలుసు!

"మచ్చ దొరికింది," అంది మేడమ్ నవ్వు ఆపుకుంటూ. "కానీ మీరు తెచ్చిన ఫోటోలో మీసం ఉంది, మచ్చ లేదు. పరీక్ష హాల్లో ఫోటోకూ మొహానికీ పొంతన ఉండాలి కదండీ. కొత్త ఫోటో పట్రండి, తొందరగా!"

ముగ్గురం రోడ్డు దాటి పరిగెత్తాం. ఫోటో స్టూడియో పక్కనే సెలూన్. మంగలాయన ఆ సగం మీసం చూసి కత్తెర కింద పెట్టేశాడు. "ఇంత మీసం మీద చెయ్యి వెయ్యాలంటే మనసు రావట్లేదు సార్. నిజంగా తియ్యమంటారా?"

బాబాయి అద్దంలోకి చూసుకున్నాడు. "పని కోసం పెంచాను. చదువు కోసం తీసెయ్ బాబూ," అన్నాడు.

కొత్త ఫోటోతో, కౌంటర్ మూసేలోపే స్టాంపు పడింది. రసీదు నన్ను ముట్టుకోనివ్వలేదు బాబాయి, దారంతా చేత్తోనే పట్టుకొచ్చాడు.

"అగ్నిపరీక్ష పెట్టి నిజాన్ని బయటికి లాగాను. ఇది నా జీవితంలోనే గొప్ప కేసు," అన్నాడు డేగకన్ను. వాణ్ణి కొట్టకుండా ఉండటానికి చేతులు కట్టుకుని నడిచాను.

ఇంటికి చేరగానే పిన్ని తలుపు తీసి బాబాయిని ఎగాదిగా చూసింది.

"ఆయన ఇంట్లో లేరు బాబూ. పరీక్ష పని మీద వెళ్లారు, మళ్లీ రండి." తలుపు వేసేసింది.

డేగకన్ను నా చెవిలో బుసకొట్టాడు. "మిత్రమా! కట్టుకున్న మొగుణ్ణే గుర్తుపట్టలేదు. ఈవిడ అసలు పిన్ని కాదు!"

భూతద్దం తాడు పట్టుకుని వాణ్ణి వాడి వాటాలోకి ఈడ్చుకెళ్లి దింపి వచ్చాను. నేను వచ్చేసరికి పిన్ని గడపలో కూలబడి నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటోంది.

"ఇన్నేళ్ల కాపురానికి ఇవాళ చూపించారండీ మొహం! పాసయ్యేదాకా ఆ మీసం మళ్లీ మొలిచిందో, చూడండి!"

"ఫెయిలైతే?" అన్నాడు బాబాయి.

"జన్మలో మీసం ఊసెత్తకండి."

బాబాయి వెంటనే లెక్కల పుస్తకం తెరిచాడు. అలవాటుగా చెయ్యి మీసం మెలెయ్యడానికి లేచింది. అక్కడేమీ లేకపోయేసరికి చెవి దాకా వెళ్లి పెన్సిలు అందుకుంది. కాసేపు గీశాడు, కొట్టేశాడు, మళ్లీ గీశాడు.

"ఒరేయ్, ఈ లెక్కలో ఏదో పోయిందిరా," అని కేకేశాడు నన్ను.

పైవాటాలో కుర్చీ కిందపడిన చప్పుడైంది.

"పోయిందా? ఏం పోయింది? ఎవరూ ఏదీ ముట్టుకోకండి, వస్తున్నా!"

బాబాయి పెన్సిలు పారేసి, రెండు చేతులతో కనుబొమలు కప్పుకున్నాడు.