మా వంటింట్లో పది ఇండ్లు

భర్తలున్న ఇల్లాళ్ళకు నా విన్నపం ఒకటే. ఈ రోజే మీ ఆయనను దూరవిద్యలో చేర్పించండి! ఇంటికి అంత ప్రశాంతత ఏ పూజతోనూ రాదు.

మా ఆయన హేమనాథ్ వేలూరు దగ్గర గుడియాత్తంలో పశువుల డాక్టరు. పగలంతా ఒక పాల కంపెనీ తరఫున పల్లెలు తిరిగి ఆవులను చూస్తారు. ఇంటికి రాగానే పశువైద్య ప్రజారోగ్యం చదువుతారు. అంటే పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బుల చదువు. కాలేజీ ఎక్కడో, మాస్టర్లు ఎక్కడో, చదువు మాత్రం మా భోజనాల బల్ల మీద.

లాభాలు చెబుతాను వినండి. ఇదివరకు సాంబారులో ఉప్పు తక్కువైతే కంచం పక్కకు జరిగేది. ఇప్పుడు ఉప్పే వేయకపోయినా తెలియదు. చెవిలో పాఠం నడుస్తుంటుంది కదా! ఆర్కాడులో మా రంగప్ప బాబాయి గృహప్రవేశానికీ ఆ చెవితోనే వచ్చారు. ఎవరేం చెప్పినా తల ఊపారు. "అల్లుడు ఎంత మెత్తబడినాడమ్మా, ఎదురు మాటే లేదు" అని బాబాయి మురిసిపోయాడు.

మాంసం తనిఖీ పాఠం మొదలైనప్పటి నుంచి ఆదివారం కూడా మా ఇంట్లో పప్పే. లివర్‌లో పురుగుల వీడియో చూస్తూ మటన్ కూర కలుపుకునే ధైర్యం ఎవరికుంటుంది?

అన్నిటికన్నా గొప్ప సౌకర్యం ఇంకొకటి ఉంది. ప్రజల మొహం చూడకుండానే ప్రజారోగ్యం చదివేయవచ్చు!

నమ్మరా? పోయిన నెల పది ఇండ్లకు వెళ్ళి సర్వే చేయమని అసైన్‌మెంట్ వచ్చింది. పొద్దున డ్యూటీ, సాయంత్రం డ్యూటీ, మనిషి ఎప్పుడు వెళ్ళాలి? అందుకని పది ఇండ్లూ మా వంటింటికే వచ్చాయి. ఆ పది మంది ఇల్లాళ్ళూ నేనే.

"పాలు కాచి తాగుతారా?" అని మొదలుపెట్టారు, నా దోసె పెనం మీద ఉండగా.

మొదటి మూడిండ్ల తరఫున కాచే తాగుతామన్నాను. నాలుగో ఇల్లు కాస్త వేరుగా ఉంటే బాగుంటుందని, "మా ముసలాయనకు పచ్చిపాలే కావాల" అన్నాను.

"అట్ల చెప్పొద్దు. దానికి కారణాలు రాయాల, ఇంకో పేజీ అవతాది."

నాలుగో ఇంటి ముసలాయన ఆ క్షణమే కాచిన పాలకు మారిపోయాడు. ప్రజల్లో ఇంత వేగంగా మార్పు తెచ్చిన చదువు ఇంకేదైనా ఉందా?

"ఇంట్లో ఎవురికన్నా పోతా వస్తా ఉండే జరం ఉండాదా?"

"ఉండాది. కాంతమ్మకు."

కాంతమ్మ మాకు పాలు పోసే మనిషి. ఆమె ఆవు నెలలు నిండకముందే చచ్చిన దూడను వేస్తే, ఉత్త చేతులతో లాగి పారేసింది. అది జరిగిన కొన్నాళ్ళ నుంచి జ్వరం, చెమటలు, కీళ్ళ నొప్పులు. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఇదంతా ఆయనకు ఇదివరకే చెప్పాను, చెవిలో పాఠం నడుస్తున్నప్పుడు.

"కాంతమ్మ మన పది ఇండ్లలో లేదు గదా" అని, జ్వరం లేదని రాసుకున్నారు.

సర్వేకు మంచి మార్కులు వచ్చాయి. ప్రజలతో కలిసిమెలిసి చేసిన పని అని మాస్టరు మెచ్చుకున్నారట. కలిసిమెలిసి ఉన్న మాట నిజమే, మాది పెళ్ళయిన సంసారం. పది ఇండ్లలో ఒక్క రోగీ లేడు. గుడియాత్తం ఇంత ఆరోగ్యంగా ఎప్పుడైనా ఉందా!

మొన్న పొద్దున పాల క్యాను దించలేక కాంతమ్మ మా మెట్టు మీదే కూలబడింది. నేను లోపలికి వెళ్ళి ఆయన చెవిలోని ఇయర్‌ఫోన్ తీసేశాను.

"పదకొండో ఇల్లు వాకిట్లో కూర్చోనుండాది. దీని జవాబులు నాకు రావు. మీరే రాండి."

వచ్చారు. ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుని దూడ సంగతి, జ్వరం సంగతి అడిగారు. వింటున్నకొద్దీ ఆయన మొహం మారింది. ఇది ఆవు నుంచి అంటిన జబ్బు కావచ్చని, వేలూరు పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేయించాలని, దూడ విషయం అక్కడి డాక్టరుకు తప్పక చెప్పాలని, ఇప్పుడే తానే తీసుకుపోతానని చెప్పారు.

కాంతమ్మ ఆయనను ఎగాదిగా చూసింది. తర్వాత నా వైపు వంగి మెల్లగా అడిగింది:

"ఏమమ్మా, సారుకు ఉద్యోగం పోయిందా? ఇంత తీరిగ్గా కూర్చోని మాట్లాడతా ఉండాడు."