నాలుగో అంతస్తు అలంకారశాస్త్రం

తెలుగు కథ బాగుపడాలంటే రచయితలందరినీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల చేతుల్లో పెట్టాలి! నేను బాగుపడ్డాను కాబట్టే చెబుతున్నాను.

కాప్రాలో మా నాలుగో అంతస్తు ఫ్లాటులో కూర్చుని కథలు రాస్తుంటాను. ఒక కథలో ‘ఆయన గ్యాస్ సిలిండర్‌లా మెట్లు దొర్లుకుంటూ దిగాడు’ అన్నాను. అంతే! ఆ సిలిండర్ తానేనని మా సెక్రటరీ కన్నారావు గారు పత్రిక పట్టుకుని పైకొచ్చేశారు.

“ఏటండీ ఇది? సాఫ్ట్‌వేర్ కుర్రోళ్లు అద్దెకి దిగుతున్న టైములో బిల్డింగు పరువు తీసేత్తారా?”

పాయింటే కదా! ఉపమాలంకారం వల్ల అద్దెలు పడిపోతాయని ఇంతవరకూ ఏ పండితుడైనా కనిపెట్టాడా? ఆ ఆదివారమే జనరల్ బాడీ పెట్టి నా కథల్లో పోలికలు రద్దు చేశారు.

తర్వాత అతిశయోక్తి వంతు. ‘ఆమె కన్నీళ్లు ఏరులై పారాయి’ అని రాస్తే, ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడే చోట ఏరులేమిటని మూడో అంతస్తు ఊర్మిళ గారు నిలదీశారు. నిజమే, బాధ్యత లేని రాత! ఇప్పుడు నా హీరోయిన్ పొదుపుగా ఏడుస్తోంది. ‘గోడలు గుసగుసలాడాయి’ అన్నందుకు బిల్డర్ నొచ్చుకున్నాడు. గోడలు పల్చన అని ఎత్తిపొడిచానట!

ఇక మిగిలింది వ్యంగ్యం. దాని జోలికి మాత్రం ఎవరూ రాలేదు.

మా లిఫ్టు ఉగాది నుంచి పనిచేయడం లేదు. మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ అనసూయమ్మ అప్పటినుంచి కిందికి దిగలేదు. కూరగాయల బండి వస్తే బాల్కనీలోంచి తాడు కట్టి బుట్ట దించుతుంది.

“మీ కథలు తర్వాత గని, లిఫ్టు గురించి జెర రాయుండ్రి. మారేడ్‌పల్లిల మా చెల్లెను చూడక ఎన్ని దినాలాయె!” అంది.

రాశాను. ‘వ్యాయామం లేక చెడిపోతున్న జనం కోసం లిఫ్టును ఆపించిన మహానుభావుడు మా సెక్రటరీ’ అని! కన్నారావు గారు మురిసిపోయి, దానికి ఫ్రేము కట్టించి లిఫ్టు తలుపు మీదే తగిలించారు. మెకానిక్‌ను పిలవమన్న వాళ్లందరికీ ఇప్పుడు దాన్నే చూపిస్తున్నారు.

నాకు ఏడుపొచ్చింది. మొన్న అలంకారాలన్నీ పక్కన పెట్టి, ‘లిఫ్టు బాగు చేయించండి. మా ఆవిడ దిగలేకపోతోంది’ అని ఉన్నదున్నట్టు రాసిచ్చాను.

కన్నారావు గారు చదివి, పొట్ట పట్టుకుని నవ్వారు.

“ఎంత ఎటకారమండి బాబూ మీది! అదిరిపోనాది!”

పాఠకులారా, మీరైనా నవ్వకండి. లిఫ్టు నిజంగానే పనిచేయడం లేదు.