మరో చెంచా బొప్పాయి

ఆదివారం పొద్దున్నే సామ్యూల్ వేసుకున్న పథకం చిన్నదే: చర్చిలో ప్రేమవిందుకు మెత్తటి మటన్ వండడం. పోయినేడు ఆయన వండిన ముక్క కొరికి సంఘంలో పెద్దావిడ దాలమ్మగారి ముందుపన్ను విరిగింది. ఆవిడ ఎదురుపడినప్పుడల్లా ఆ సందు కనిపించేలా నవ్వేది, అంతే. ఏడాదిగా ఆ నవ్వు ఆయన నిద్రలోకి కూడా వస్తోంది.

"పచ్చిబొప్పాయి ముద్ద రెండు చెంచాలు చాలు డాడీ. ఒక గంట ఉంచు, బస్, అంతే," అంది నర్సింగ్ చదివే కూతురు దివ్య.

రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు వ్యాగన్లకు రివెట్లు కొట్టి రిటైరైన మనిషికి 'చాలు' అన్న మాట మీద నమ్మకం లేదు. కాయంతా రుబ్బి పట్టించాడు. చలికి పని చేయదేమోనని గిన్నెకు రగ్గు చుట్టి, వేడినీళ్ల బాయిలర్ పక్కన పెట్టాడు.

స్నానం, ప్రార్థన ముగించి మూత తీస్తే ఎముకలు ఒకవైపు, ముద్ద ఒకవైపు. గుట్టుగా భన్‌పురి బజారుకు వెళ్లి మళ్లీ అంత మటన్ తెచ్చాడు. మసాలా పారేయడం ఎందుకని అదే గిన్నెలో కలిపి, రగ్గు కప్పి ఆరాధనకు వెళ్లాడు. బొప్పాయి బలమంతా మొదటి ముక్కల మీదే ఖర్చయి ఉంటుందని, పాటలు పాడుతున్నంతసేపూ తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

వచ్చి చూస్తే రెండో మటనూ ముద్దే.

"ఇదేంటే, దీని బలం అయిపోలేదా?"

"ఎంజైమ్ ఖర్చవదు డాడీ. గుడ్డ కత్తిరిస్తే కత్తెర అయిపోద్దా? ఒకటి తెంపి ఇంకోదాని మీదకెళ్తది. పైగా నువ్వు రగ్గు కప్పి జోష్ ఇచ్చావు."

"మరి ఆపేదెట్టా?"

"బాగా కాల్చాలి. అప్పుడు దాని ఆకారమే చెడిపోద్ది, ఇంక దేన్నీ పట్టుకోలేదు."

భార్య సుశీల అప్పటికే పెనం ఎక్కించింది. "శనగపిండి ఇటివ్వండి. ఇంకేం కలపమాకండి." ముద్దను బిళ్లలుగా తట్టి ఎర్రగా కాల్చింది.

విందులో దాలమ్మ ఒక బిళ్ల నోట్లో వేసుకుంది. దవడ కదల్లేదు. సామ్యూల్ వడ్డన ఆపి ఆవిడ నోటివైపే చూశాడు.

"నమిలే పనే లేదు సామ్యూలూ, దానంతటదే జారిపోతంది," అంటూ ఆవిడ పళ్లెం మళ్లీ చాచింది.

ఆవిడ వెనక పళ్లున్నవాళ్లూ లేనివాళ్లూ వరస కట్టారు. వచ్చే ఏడు వంట కూడా సామ్యూల్‌గారిదేనని పాస్టర్‌గారు ప్రకటిస్తే చప్పట్లు మోగాయి. ఈసారి రెండు కాయలు రుబ్బాలని సామ్యూల్ అక్కడే నిశ్చయించుకున్నాడు.

ఇంటికొచ్చాక సుశీల రగ్గును బీరువాలో పెట్టి తాళం వేసింది.