ప్రైమా, జూమా? దయచేసి తేల్చకండి!

మీ ఇంట్లో ఎవరికైనా కెమెరా పిచ్చి ఉందా? ఉంటే మీరు అదృష్టవంతులు. ఏ లెన్స్ కొనాలో వాళ్ళకింకా తేలలేదా? అయితే మీ అదృష్టానికి అంతే లేదు!

నవ్వకండి. ప్రైమ్ టెలిఫోటో కొనాలా, జూమ్ టెలిఫోటో కొనాలా అన్నది ఈ కాలం తెచ్చిపెట్టిన కొత్త తలనొప్పి అని అందరూ విసుక్కుంటున్నారు. నేను ఒప్పుకోను. కాపురాలు నిలబెట్టడానికి ఈమధ్య ఇంతకన్నా మంచి తలనొప్పి రాలేదని నా గట్టి అభిప్రాయం. ఒక్కటే షరతు. ఆ ప్రశ్నకు జవాబు దొరకకూడదు.

మావారు సంజీవరావుగారు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరైన మనిషి. రిటైరైనవాళ్ళు మామూలుగా వాకింగ్ మొదలుపెడతారు, లేదా కోడళ్ళకు వంట నేర్పడం మొదలుపెడతారు. మావారు ఫొటోలు మొదలుపెట్టారు. ఆయనా, ఆయనతో పాటే రిటైరైన వెంకటప్పయ్యగారూ కలిసి హిమాలయాల్లో స్పితి లోయకు వెళ్ళి ఫొటోలు తియ్యాలని ఒక ముహూర్తాన అనేసుకున్నారు.

నన్ను తీసుకెళ్ళరు. మేడ మెట్లెక్కడానికే అలిగే మోకాళ్ళు నావి. అక్కడ గాలి పలచగా ఉంటుందట, ఊపిరాడదట. ఊపిరాడని చోటికి డెబ్బై దాటిన మనిషి ఎందుకు వెళ్ళాలి? ఈ ప్రశ్న నేను పైకి అడగలేదు. అడిగితే పంతం పెరుగుతుంది. పైగా ఆయనే నాకొక దారి చూపించారు.

"లెన్స్ లేకుండా అంత దూరం పోయి ఏం చేస్తాను మార్తా? చలికి వణకటానికా? ముందు లెన్స్ సంగతి తేలాలి. తేలాకే టిక్కెట్లు" అన్నారు.

తేలాకే టిక్కెట్లు! ఆ మాట విన్న రోజు నేను పాయసం వండాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించేది టెలిఫోటో. ప్రైమ్ లెన్స్ అంటే మా పెదనాన్నలాంటిది. ఉన్నచోటు నుంచి కదలదు. కావలసినవాళ్ళే దగ్గరికి నడిచి వెళ్ళాలి, లేదా తమకు తామే దూరం జరగాలి. కానీ చూపించిందేదో స్పష్టంగా చూపిస్తుంది, వెలుగు తక్కువైనా గొణగదు. జూమ్ లెన్స్ అంటే పెళ్ళి సంబంధాలు కుదిర్చే మధ్యవర్తి. మనం కుర్చీలోంచి లేవనక్కర్లేదు, గుడివాడలో ఉన్న పిల్లను పక్కింట్లో ఉన్నట్టు చూపిస్తాడు. కాకపోతే బరువు, కాస్త మసకబారిన నిజాయితీ.

మరి ప్రయాణాలకు ఏది మంచిది? రెండూ మంచివే! అందులోనే ఉంది అందమంతా.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాతి చదువంతా పొట్లాల కాగితాలూ, అద్దె పుస్తకాలూ, డిక్షనరీ పుణ్యమా అని అబ్బిన ఇంగ్లీషూ. ఆ చదువు ఇన్నేళ్ళకు అక్కరకొచ్చింది. మావారు పడుకున్న మధ్యాహ్నాలు ఫోన్‌లో లెన్సుల మీద వ్యాసాలన్నీ చదివాను. లెన్స్ లోపలి రంధ్రం పెద్దదైతే దానికిచ్చే అంకె చిన్నదవుతుందట! పదవి పెరిగేకొద్దీ జీతం కోసే ఆఫీసు ఎక్కడైనా ఉందా? ఆ లెక్క కనిపెట్టినవాడు నాలాగే ఎవర్నో ఇంట్లో ఆపాలని చూసినవాడై ఉంటాడు.

మావారు జూమ్ వైపు మొగ్గిన రోజున నేను కాఫీ ఇస్తూ, "తెల్లవారుజామున వెలుగు తక్కువ కదండీ, జూమ్‌కి కష్టమేమో" అనేదాన్ని. ఆ కాఫీ చల్లారిపోయేది. నాలుగు రోజులకు ప్రైమ్ వైపు మొగ్గితే, "ఆ కొండల్లో దుమ్మంట. మాటిమాటికీ లెన్స్ మారిస్తే లోపలికి దుమ్ము పోదూ?" అనేదాన్ని. ఆ రోజు భోజనం చల్లారిపోయేది.

ఇందువల్ల కలిగిన లాభాలు వినండి. మావారు టీవీలో రాజకీయ చర్చలు చూడడం మానేశారు, బీపీ దిగింది. పక్కింటివాళ్ళ కారు మా గేటుకు అడ్డంగా ఉన్నా పోట్లాడడం లేదు, దాని అద్దంలో పడ్డ వెలుగు చూసి మురుస్తున్నారు. ఇలాంటి సందేహం ప్రతి ఇంట్లో ఒక్కటుంటే కోర్టులకు సగం పని తగ్గదూ? ప్రభుత్వం దీనికొక శాఖ పెట్టకూడదూ? పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం ఎంతని కాదు, ప్రైమా జూమా తేల్చుకున్నాడా అని అడగాలి. తేల్చుకున్నవాడికి పిల్లనివ్వకండి. వాడు రేపు ఊరెళ్ళిపోతాడు!

అసలు లాభం ఇంకా చెప్పలేదు. లెన్స్ తేలాలంటే టెస్ట్ చేయాలి. టెస్ట్ చేయాలంటే ప్రయాణం చేయాలి. అవన్నీ పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చే ప్రయాణాలు. వాటికి నా మోకాళ్ళు పనికొస్తాయి!

ఒక వారం ప్రైమ్ అద్దెకు తెచ్చి కొల్లేరు వెళ్ళాం. గూడబాతు పిలవకుండానే దగ్గరికొచ్చింది. ముక్కు తప్ప ఏమీ పట్టలేదు. మావారు వెనక్కి నడుస్తూ నడుస్తూ మడుగులో కాలేశారు. మరో వారం జూమ్ తెచ్చాం. దగ్గరా దూరం మార్చే రింగు తిప్పి సరిచేసుకునేలోపు బాతు లేచిపోయింది. తేలలేదు. కూచిపూడి వెళ్ళాం, నాట్యం నేర్చుకునే పిల్లల పాదాలు తీశారు. తేలలేదు. బ్యారేజీ మీద నిలబడి ఏట్లో పడవల్ని తీశారు. అక్కడా తేలలేదు, దేవుడికి స్తోత్రం.

వెళ్ళిన ప్రతిచోటా పిట్ట దొరకనప్పుడు, పడవ కదిలిపోయినప్పుడు, "మార్తా, నువ్వు నిలబడు, నీ మీద టెస్ట్ చేస్తాను. కదలకు" అనేవారు. ఏ షిఫ్టు నుంచి వచ్చినా నిద్రకళ్ళతో కంచం వైపు తప్ప చూడని మనిషి, నా మొహం వైపు అంతసేపు చూడటం మొదటిసారి. కాపురానికొచ్చిన కొత్తలో ఆయన డ్యూటీకి వెళ్తే నేను డాబా ఎక్కి థర్మల్ స్టేషన్ గొట్టాల పొగ చూసేదాన్ని. పొగ వస్తుంటే ఆయన అక్కడ క్షేమంగా ఉన్నట్టే. ఇప్పుడాయన కెమెరా వెనక ఉన్నారు, నేను ముందున్నాను. పొగతో పనిలేదు.

నాకింత భయమెందుకని మీరడగొచ్చు. మాది దివిసీమ. ఉప్పెన వచ్చిన రోజు పొద్దున మా నాన్న గొడుగు పట్టుకుని నాగాయలంక బయల్దేరాడు. సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు. కాలవ గట్టు మీద నడిచి వెళ్తుంటే నేను గుమ్మంలోంచి చూస్తూ ఉన్నాను. మనిషంత ఉన్నవాడు గొడుగంత అయ్యాడు, గొడుగు చుక్కంత అయింది. నాన్న మొహం నాకంతగా గుర్తు లేదు. ఆ చుక్క గుర్తుంది. ఎవరు ఎక్కడికి బయల్దేరినా నాకు కనిపించేది అదే. మనిషి చిన్నగైపోవడం.

సరే, ఆ సంగతి వదిలేయండి. లెన్సుల దగ్గరికొద్దాం.

మా ఇంట్లో రోజూ దీపాలవేళ కుటుంబ ప్రార్థన చేసుకుంటాం. మావారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ లెన్స్ విషయంలో నాకు దారి చూపించు" అనేవారు. నేను పైకి "ఆమెన్" అనేదాన్ని. లోపల మాత్రం, "తొందరేం లేదు ప్రభువా, ముందు మిగతా పనులు చూసుకో" అనేదాన్ని. ఒకే చాప మీద నుంచి ఒకే దేవుడికి రెండు అర్జీలు! ఆయన కూడా ఎటూ తేల్చలేక ఊరుకున్నాడని నా నమ్మకం.

అంతా సవ్యంగా సాగిపోతుండగా నా నోరే కొంప ముంచింది.

మా చర్చిలో స్త్రీల కూడిక ఉంది. అమలమ్మగారు దానికి పెద్ద. అక్కడ ప్రార్థన మనవులు చెప్పుకునేటప్పుడు ఒక మర్యాద పాటిస్తాం. ఇంటి గుట్టు విప్పి చెప్పం. "మా ఇంట్లో ఒక సమస్య ఉందండీ" అంటే చాలు. మిగతాది దేవుడికి తెలుసు. దేవుడికి తెలిసిందేమిటో మిగతా ఆడవాళ్ళు ఆటోలో ఇంటికెళ్తూ ఊహించుకుంటారు.

ఆ రోజు నా వంతొచ్చింది. ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదు. "మావారు ఒక విషయం తేల్చుకోలేక నలిగిపోతున్నారండీ. నిద్ర కూడా సరిగ్గా పట్టట్లేదు" అన్నాను. అబద్ధం ఒక్కటైనా ఉందా?

ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని కాబోలు, అనుకుంది ఒకావిడ. ఆటో బెంజి సర్కిల్ చేరేలోపు ఆపరేషన్ ఖాయమైపోయింది. శుక్రవారం అందరూ ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. శనివారం పొద్దున హార్లిక్స్ సీసా, అరటిపళ్ళు, కొబ్బరిబోండాలతో మా ఇంటికొచ్చేశారు. మావారు వరండాలో కెమెరా తుడుచుకుంటున్నారు.

"అన్నయ్యగారూ, ధైర్యంగా ఉండండి. ఈ రోజుల్లో కోసినట్టే తెలియటం లేదంట. మర్నాడే నడిపించేస్తన్నారు" అన్నారు అమలమ్మగారు.

"ఎవర్ని కోస్తారమ్మా?" అన్నారు మావారు.

"మిమ్మల్నేనండీ! తేల్చుకోలేక నలిగిపోతన్నారంట కదా. మార్తమ్మ చెప్పింది. మీకు తొందరగా నిర్ణయం రావాలని నిన్న పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు మేము."

మావారు నా వైపు చూశారు. నేను కొబ్బరిబోండాల వైపు చూశాను. చివరికి ఆయనే విషయం చెప్పారు.

"కెమెరా కోసమా మా చేత పస్తు పెట్టించావు మార్తమ్మా?" అన్నారు అమలమ్మగారు. "నా షుగర్ సంగతన్నా చూసుకోవద్దూ?"

"ఎందుకోసమైతేనేంలే అక్కా, దేవుడు విన్నాక ఆయనే సర్దుకుంటాడు" అందింకొకావిడ, తెచ్చిన అరటిపండు తనే ఒలుచుకుంటూ.

వాళ్ళు వెళ్ళాక మావారు చొక్కా మార్చుకున్నారు. "పాపం, అంతమంది ఆడవాళ్ళు నా లెన్స్ కోసం కడుపు మాడ్చుకున్నారు. ఇంకా తేల్చకపోతే నాకే పాపం చుట్టుకుంటుంది" అని గవర్నరుపేట వెళ్ళి జూమ్ కొనుక్కొచ్చేశారు. ఆయన ప్రార్థన ఒకటి, నా ప్రార్థన ఒకటి, సరిసమానం. వాళ్ళందరిదీ వచ్చి త్రాసులో ఆయన తట్టలో పడింది!

"వెలుగు తక్కువైతే ప్రైమే మేలంటండీ" అన్నాను, ఆఖరి ప్రయత్నంగా.

"పోయిన వారం దుమ్ము అన్నావుగా. అంతకుముందు వెలుగన్నావు. నువ్వు ఏ పార్టీయో ముందు నువ్వు తేల్చుకో" అన్నారు నవ్వుతూ. నా పార్టీ ఏదో ఆయనకు ఎప్పటి నుంచో తెలుసని ఆ నవ్వు చెప్పింది.

టిక్కెట్లు వచ్చాయి. స్టేషన్‌కు నేనూ అమలమ్మగారూ వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీదే ప్రయాణ ప్రార్థన. ఆమెన్ కొంచెం ఆలస్యమైతే రైలు వెళ్ళిపోతుందేమో అన్న ఆశతో కాస్త పొడుగ్గానే చేశాను. రైలు కూత వేసింది. మావారు బోగీ తలుపు దగ్గర నిలబడి కొత్త లెన్స్ నా వైపు తిప్పారు. వెనక నుంచి వెంకటప్పయ్యగారు ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకుని, "కంగారు పడకమ్మా చెల్లెమ్మా, చొక్కా కొత్తదే, చిరగదు!" అని అరిచారు.

రైలు కదిలింది. నా కళ్ళకు రింగు లేదు, తిప్పుకోవడానికి. మావారు తలుపంత అయ్యారు, ఆ తలుపు అగ్గిపెట్టంత అయింది. చుక్క కాకముందే నేను మొహం తిప్పుకుని అమలమ్మగారితో బస్సుల గురించి మాట్లాడాను.

బండి కొండపల్లి దాటే వేళకు ఫోన్ టింగుమంది. వరసగా ఫొటోలు. మొదటి దాంట్లో నేను నోరు తెరిచి ఉన్నాను, "లోపలికెళ్ళండి" అని అరుస్తూ. రెండో దాంట్లోనూ అంతే ఉన్నాను. తర్వాత దాంట్లోనూ, ఆ తర్వాత దాంట్లోనూ. వెనకాల టీ కొట్టు పెద్దదవుతోంది, స్తంభాలు ఒకదాని మీదికి ఒకటి వస్తున్నాయి. నేను మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. రైలు జరిగేకొద్దీ ఆయన రింగు తిప్పుతూ పోయారన్నమాట. లెన్స్ తాహతు అయిపోయాక, ఆఖరి ఫొటోలో మాత్రం కాస్త చిన్నదాన్నయ్యాను. అప్పటికీ ఏడుస్తున్నానని తెలుస్తూనే ఉంది.

వెంటనే ఫోన్ చేశారు.

"చూశావా?"

"చూశాను. తలుపు దగ్గర నిలబడొద్దన్నానా, లేదా?"

"అదేలే. ప్రైమ్ అయితేనా, బండి కదిలిందగ్గర్నుంచీ నువ్వు చిన్నగైపోతానే ఉండేదానివి. నీకది పడదుగా" అన్నారు. తర్వాత సిగ్నల్ పోయింది.

కాబట్టి పాఠకులారా, న్యాయంగా ఒప్పుకోవాలి. ప్రయాణాలకు జూమే మంచిది. పంపించడానికి వచ్చినవాళ్ళకు మరీ మంచిది. ఇందాక నేను రాసిందంతా కొట్టేసుకోండి.

అయితే ఇప్పుడే అందిన కబురు. స్పితి ఇంకా చేరనైనా లేదు, వచ్చే ఏడాది కజిరంగా అడవులకు వెళ్దామని వెంకటప్పయ్యగారు రైల్లోనే మొదలుపెట్టారట. అంత బరువు లెన్స్ చేత్తో మొయ్యలేం, మంచి ట్రైపాడ్ ఒకటి చూసుకున్నాకే వెళ్తాం అన్నారట మావారు.

ట్రైపాడ్‌లలో అల్యూమినియంవి ఉన్నాయి, కార్బన్ ఫైబర్‌వి ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి చదువుతున్నాను. రెండూ చాలా మంచివి. తొందరపడి తేల్చుకునే విషయం కాదిది.

ఈసారి కూడికలో మాత్రం నోరు విప్పను.