రెండు కిలిమంజారోలు

ఆఫ్రికా ఖండానికి అసలైన వాణిజ్య ముఖద్వారం నైరోబీయా, దార్ ఎస్ సలామా అన్న చారిత్రక ప్రశ్నకు మస్కట్ ఎగ్జిబిషన్‌లో మూడు రోజుల్లో జవాబు చెప్పేస్తామని పత్రికల్లో రెండు ప్రకటనలు వెలువడ్డాయి. మొదటిది నైరోబీ పురోగతి పరిషత్ అధ్యక్షులు కిమానీ గారిది. రెండోది దార్ అభ్యుదయ మండలి అధ్యక్షులు మసాంజా గారిది. రెండింటిలోనూ ఊరి పేరు తప్ప అక్షరం తేడా లేదు. ఎవరిది చూసి ఎవరు రాశారన్న వివాదం మర్నాటి పత్రికలో వచ్చింది.

ఇంతటి వైభవానికి కారణం హమూద్ గారనే ఖర్జూరాల వ్యాపారి. ఆయన చిన్నప్పుడు జాంజిబార్‌లో పెరిగారు. తూర్పు ఆఫ్రికాలో ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీ పెడితే బాగుంటుందేమోనని ఎక్కడో టీ తాగుతూ అన్నారు. ఆ మాట కెన్యాలోనూ టాంజానియాలోనూ ఒకేసారి వినబడింది.

ఇద్దరి స్టాళ్ళూ పక్కపక్కనే. రెండూ కట్టే కాంట్రాక్టు మస్కట్‌లోనే ఘాలా పారిశ్రామికవాడలోని ఒకే కంపెనీకి దక్కింది. ఆ కంపెనీలో వడ్రంగి గణపతి. సొంతూరు జగిత్యాల దగ్గర. నైరోబీ మీదా దార్ మీదా అతనికి ఏ అభిప్రాయమూ లేదు. అతనికున్నది శుక్రవారం పొద్దున ఫ్లైటు. రెండేళ్ళ తర్వాత మొదటి లీవు. అతను ఒమాన్ వచ్చాక పుట్టిన కూతురు నవీనకు ఇప్పుడు ఏడాదిన్నర. వీడియో కాల్‌లో తప్ప తండ్రిని చూడలేదు కాబట్టి ఫోన్‌నే బాపు అనుకుంటోంది. ఛార్జింగ్ పెడితే "బాపు బువ్వ" అంటోందని భార్య సునీత చెప్పినప్పుడు గణపతి నవ్వాడు గానీ, ఆ పూట అన్నం సరిగా తినలేదు.

"పోదువుగాని లేవయ్యా," అన్నాడు సూపర్‌వైజర్ ప్రసాద్ బాబు. భీమవరం మనిషి. "ముందు పార్టీలిద్దర్నీ శాటిస్‌ఫై చెయ్యి. ఒక్క కంప్లెయింటు వచ్చిందనుకో, నీ లీవు పోస్ట్‌పోన్ అయిపోద్ది."

"నాతోని ఏం కంప్లెయింట్ సార్? డబ్బాలసొంటి స్టాళ్ళు. మేకులు కొట్టుడే గదా."

ఆదివారం పొద్దున ఆ డబ్బాలాంటి స్టాలు మసాంజా గారికి నచ్చలేదు. దార్ కీర్తికి తగ్గట్టు వెనకాల కిలిమంజారో పర్వతం ఉండాలన్నారు. గణపతి ఫొటో చూసి, ప్లైవుడ్, థర్మోకోల్ పెట్టి మధ్యాహ్నానికల్లా ఎనిమిది అడుగుల పర్వతం నిలబెట్టాడు. సాయంత్రం కిమానీ గారు వచ్చి ఆ కొండను చాలాసేపు చూశారు.

"నాకూ ఒకటి," అన్నారు. "తొమ్మిది అడుగులు."

మసాంజా గారు పరుగున వచ్చారు. "అయ్యా, కిలిమంజారో మా దేశంలో ఉంది."

"కొండ మీ దగ్గరే ఉంది. కాదనలేదు. కానీ దాని వ్యూ మా వైపు నుంచి బాగుంటుంది. టూరిస్టు కొనేది కొండనా, వ్యూనా?"

"అయితే మీ వ్యూ మీరు చూసుకోండి. కొండ దించండి!"

"కొండ లేకుండా వ్యూ ఎలా చూపించాలి?"

ఈ వాదనలోని గాంభీర్యానికి ప్రసాద్ బాబు ముగ్ధుడై నోట్‌బుక్‌లో రెండు వైపులా టిక్కు పెట్టుకున్నాడు. రాత్రికి కొండలు పదకొండు అడుగులయ్యాయి. సోమవారం పధ్నాలుగు. తమకు సముద్రం కూడా ఉందని గుర్తుచేస్తూ మసాంజా గారు ముందు భాగంలో నీలం టార్పాలిన్ పరిపించారు. నైరోబీకి సముద్రం లేని మాట నిజమే గానీ, మొంబాసా రేవు తమ దేశానిదేనని కిమానీ గారు రెట్టింపు టార్పాలిన్ పరిపించారు. నడిచే దారి రెండు సముద్రాల కింద పోయింది.

మంగళవారం ఎగ్జిబిషన్ మొదలైంది. దార్ కొండ మీద పత్తి మంచు కనిపించేసరికి, కిమానీ గారు అసలు మంచే కావాలన్నారు. సూర్ రేవు నుంచి చేపలు తెచ్చిన లారీని పట్టుకుని, అందులో మిగిలిన ఐసు దింపించారు. శిఖరం నిజంగానే తళతళ మెరిసింది. గంటలో కొండంతా చేపల వాసన. మరో గంటకు పార్కింగులోని పిల్లులు నాలుగు శిఖరం ఎక్కి కూర్చున్నాయి.

"ఇవేమిటి?" అని అడిగాడు ఒక విలేకరి.

"సింహాలు," అన్నారు కిమానీ గారు తొణక్కుండా. "మా నగరాన్ని ఆనుకునే సింహాల పార్కు ఉంది. ఇది స్కేల్ మోడల్."

మసాంజా గారు తమ మనుషుల్ని పిల్లుల కోసం పంపారు.

బుధవారానికి రెండు పర్వతాలూ పందొమ్మిది అడుగులకు చేరాయి. ఆ పైన హాలు వాళ్ళ నీళ్ళ పైపు ఉంది. ఇక పెంచితే హాల్లో వాన పడుతుందని గణపతి దండం పెట్టి చెప్పాడు. ఇద్దరు నాయకులకూ అభ్యంతరం లేదు. రెండూ సమానంగా ఉండడమే అభ్యంతరం.

"తేలేదాకా నువ్వు కదలడానికి లేదు," అన్నాడు ప్రసాద్ బాబు. "హెచ్.ఆర్. వాళ్ళతో మాట్లాడేశాను. టికెట్టు వెనక్కి జరుపుతారంట."

"సార్, గట్లనకుండ్రి. బిడ్డకు ఫోను సూపెట్టి బాపు అని నేర్పుతున్నరు."

"నన్నేం చెయ్యమంటావయ్యా? కొండ నాదా?"

గణపతి వెనక్కి వెళ్ళి చెక్కల మధ్య కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు. పనిముట్ల సంచిలోంచి రెండు టేపులు తీశాడు. ఒకదాని మొదట్లో ఆరంగుళాలు కత్తిరించి, కొక్కెం మళ్ళీ బిగించాడు.

భోజనాల వేళ కిమానీ గారిని ఒక్కరినీ పిలిచాడు. దార్ కొండను మంచి టేపుతో, నైరోబీ కొండను కోసిన టేపుతో కొలిచి చూపించాడు. తమది అరడుగు ఎక్కువ. కిమానీ గారు గణపతి భుజం తట్టి, ఈ రహస్యం బయట పెట్టొద్దన్నారు. అరగంట తర్వాత మసాంజా గారిని పిలిచాడు. ఈసారి టేపులు తారుమారయ్యాయి. మసాంజా గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళకి చెప్పి బాధపెట్టొద్దు పాపం అన్నారు.

ఆ సాయంత్రం హాల్లో అపూర్వమైన శాంతి నెలకొంది. ఇద్దరు నాయకులూ ఒకరినొకరు జాలిగా చూసుకుంటూ తిరిగారు.

గురువారం మధ్యాహ్నం హమూద్ గారు వచ్చారు. పాదాల దాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, చేతిలో కర్ర, వెంట ఎవరూ లేరు. టార్పాలిన్ సముద్రాలు జాగ్రత్తగా దాటి, స్వాహిలీలో పలకరించి, సూటిగా అడిగారు.

"ఫ్యాక్టరీ లైసెన్సుకి ఎన్ని రోజులు?"

"నైరోబీ కన్నా రెండు రోజులు తక్కువ," అన్నారు మసాంజా గారు.

"నైరోబీలో ఎన్ని రోజులు?"

"దార్ కన్నా రెండు రోజులు తక్కువ," అన్నారు కిమానీ గారు.

హమూద్ గారు తల ఊపారు. కర్రతో ఒక కొండను తట్టారు. డబ్బా శబ్దం వచ్చింది. రెండోదాన్ని తట్టారు. అదే శబ్దం. పక్కన స్క్రూ డ్రైవర్‌తో నిలబడ్డ గణపతిని చూసి హిందీలో అడిగారు.

"లోపల ఏముంది?"

"ఏం లేదు అర్బాబ్. ఖాళీ."

"ఎవరు చేశారు?"

"నేనే."

"ఎన్ని రోజులు పట్టింది?"

"నాలుగు రోజులు, అర్బాబ్. వీళ్ళు పెంచుమనకుంటే ఒక్క పూటల అయిపోతుండె."

ఆ హాల్లో ఒక ప్రశ్నకు అంకెతో జవాబు రావడం అదే మొదలు. హమూద్ గారు కర్ర చంకలో పెట్టుకుని ఆలోచించారు.

"ఇక్కడే ఒమాన్‌లో, అల్ సువైక్‌లో నా ఖర్జూరపు తోట పక్కనే ప్యాకింగ్ షెడ్డు వేద్దామనుకుంటున్నాను. చేస్తావా?"

ప్రసాద్ బాబు ఒక్క గెంతులో వచ్చాడు. "రేపే పంపిస్తా సార్! వీడి లీవు క్యాన్సిల్ చేసేద్దాం!"

"లీవా? ఇంటికి పోయి ఎన్నాళ్ళయింది?"

"రెండేండ్లు," అన్నాడు గణపతి.

"అయితే పోయి రా. కోతకి ఇంకా మూడు నెలలుంది." ఆ మాట హమూద్ గారు ప్రసాద్ బాబు కళ్ళలోకి చూస్తూ అన్నారు. ప్రసాద్ బాబు లీవు గొప్పతనం గురించి రెండు వాక్యాలు మాట్లాడి పక్కకు తప్పుకున్నాడు.

ఫ్యాక్టరీ అల్ సువైక్‌కి వెళ్ళిపోయిందన్న వార్త పది నిమిషాల్లో హాలంతా పాకింది. కిమానీ గారు కుర్చీలో కూలబడి, మరుక్షణం లేచి నిలబడ్డారు.

"అంటే దార్‌కి పోలేదా?"

"లేదు సార్," అన్నాడు ప్రసాద్ బాబు.

కిమానీ గారు మిఠాయిలు తెప్పించారు. అవతల స్టాల్లో అప్పటికే పంచుతున్నారు. రెండు నగరాలకూ విజయవార్తలు ఫోన్లలో వెళ్ళాయి. ఆనందం పట్టలేక నాయకులిద్దరూ ఎదురొచ్చి కౌగిలించుకున్నారు.

"అభినందనలు. మీకు రాలేదు."

"మీకు కూడా."

ఫొటోగ్రాఫరు వాళ్ళను రెండు కొండల మధ్య నిలబెట్టాడు. గణపతికి తెల్లారితే ఫ్లైటు, అంతలోగా హాలు ఖాళీ చేయాలి. నిచ్చెన భుజానేసుకుని వచ్చాడు.

"సార్, జర పక్కకు జరుగుండ్రి. కొండ కూలగొట్టాలె."

ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"ముందు ఎవరిది?"